బిషప్పు వెళ్లిపోయిన ఊరు: థేమ్స్ దగ్గరి డార్చెస్టర్‌లో కొన్నాళ్లు

శుక్రవారం

ఇంగ్లండులో డార్చెస్టర్లు రెండు. డోర్సెట్ కౌంటీ ముఖ్యపట్టణంగా ఉన్నది పెద్దది, అందరికీ తెలిసింది. నేను వెళ్లింది రెండోదానికి. ఆక్స్‌ఫర్డ్ నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. జనం వెయ్యికి అటూ ఇటూ. పేరేమో డార్చెస్టర్-ఆన్-థేమ్స్. తీరా దిగి చూస్తే ఊరిని ఒరుసుకుని పారేది థేమ్స్ కాదు, అందులో కలిసే టేమ్ అనే చిన్న ఏరు. అసలు థేమ్స్ ఒడ్డుకి చేరాలంటే పచ్చికబయళ్లకి అడ్డంపడి కిలోమీటరు దాకా నడవాలి. గోదారి గట్టు మీద పెరిగినవాణ్ని కదా, నది పేరు తగిలించుకున్న ఊరు నదికి ఇంత ఎడంగా ఉంటే నాకు మనసొప్పలేదు.

మా మేనకోడలు ఆక్స్‌ఫర్డ్‌లో ఉద్యోగం చేస్తోంది. కారులో దింపుతూ, "ఇంత చిన్న ఊళ్లో సోమవారం దాకా ఏం చేస్తావు మావయ్యా? గంటలో తిరిగేయొచ్చు" అంది. తిరిగేయడానికైతే గంట చాలు, కాదనను. కానీ ఒకప్పుడు ఈ ఊళ్లో కూర్చున్న బిషప్పు మాట ఉత్తరాన హంబర్ నది దాకా చెల్లేది. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అంతకుముందు ఇక్కడ రోమన్లు గోడ కట్టుకున్న పట్టణం ఉండేది. అంతకీ ముందు ఇనుపయుగంలో కట్టిన కోట ఉండేది. ఇన్ని వైభవాలు చూసిన చోటు చివరికి పల్లెగా ఎలా మిగిలిందో చూద్దామనే వచ్చాను.

సామాను గదిలో పడేసి హై స్ట్రీట్ మీద పడ్డాను. ఒకటే వీధి, వంకర్లు తిరుగుతూ పోతుంది. ఇటూ అటూ చెక్క దూలాలు బయటికి కనబడే పాత ఇళ్లు, కొన్నిటికి గడ్డి కప్పు. ఈ గడ్డి కప్పు మన పూరిళ్ల కప్పులా ఏటా మార్చేది కాదు. రెల్లు దట్టంగా కుట్టి, అంచులు కత్తిరించి, కొప్పు మీద డిజైన్ పెట్టి కడతారు. దశాబ్దాల పాటు ఉంటుంది, ఖర్చూ ఆ స్థాయిలోనే ఉంటుంది. ఇక్కడ గడ్డింట్లో ఉంటున్నాడంటే ఉన్నవాడని అర్థం.

వీధిలో ముఖ్యమైనవి రెండు సత్రాలు, జార్జ్, వైట్ హార్ట్. జార్జ్‌ది 15వ శతాబ్దపు కట్టడం. వీధి వైపు గుర్రబ్బండి దూరేంత గేటు, లోపల పెరడు, దాని మీద చెక్క వరండా. లండన్ నుంచి హెన్లీ మీదుగా ఆక్స్‌ఫర్డ్ వెళ్లే బళ్లు ఇక్కడ ఆగి గుర్రాలు మార్చుకునేవి. చర్చి గేటు పక్కన 1820 ప్రాంతంలో కట్టిన బుల్లి టోల్‌గేటు ఇల్లు ఇప్పటికీ ఉంది. వచ్చే బండి రెండు దిక్కుల నుంచీ కనబడేలా గోడలు కోణాలుగా కట్టారు. ఫాస్టాగ్ లేని రోజుల్లో మనిషి కంటికి బండి తప్పించుకోకూడదుగా మరి.

వీధి చివర వంతెన 1815 నాటికి పూర్తయింది. ఫ్రాన్సిస్ శాండిస్ అనే ఆర్కిటెక్టు పని. ఏరు చిన్నదే, వంతెన మాత్రం పొడుగు. చలికాలం ఏరు పొంగినప్పుడు రెండు పక్కలా పొలాలు మునుగుతాయి కాబట్టి నీళ్లు పోవడానికి పొడి నేల మీద కూడా కమానులు కట్టారు. గొప్ప రాతిపని. కానీ దాని మీద బళ్ల జాతర ముప్ఫై ఏళ్లు కూడా సాగలేదు. 1844లో ఆక్స్‌ఫర్డ్‌కి రైలు వచ్చింది, ఆ పట్టాలు ఈ ఊరికి దూరంగా పోయాయి. గుర్రబ్బళ్ల వ్యాపారం పడిపోయింది. 20వ శతాబ్దంలో కార్లూ లారీలూ వచ్చి వీధి మళ్లీ నిండింది, ఈసారి ఊరివాళ్లకి ఊపిరాడకుండా. 1982లో బైపాస్ వేశాక ఆ రద్దీ కూడా పోయింది. ఇప్పుడు సాయంత్రం ఏడింటికి హై స్ట్రీట్ నడిమధ్యన నిలబడి ఫొటో తీసుకోవచ్చు. నేను తీసుకున్నాను.

పారిష్ కౌన్సిల్ నోటీసు బోర్డు దగ్గర కాసేపు ఆగాను. పారిష్ అంటే ఇక్కడ చర్చి పరిధీ అదే, మన పంచాయతీ చూసే పనులు చూసే కౌన్సిలూ అదే పేరుతో ఉంటుంది. ఎవరో వెనక గది వేసుకుంటామని పెట్టుకున్న దరఖాస్తు, కాలిబాట మీద అడ్డంగా పడ్డ చెట్టు సంగతి, కుక్క మలం ఎత్తకపోతే పడే జరిమానా. ఏ దేశమైనా పంచాయతీ పంచాయతీయే.

శనివారం

ఈ రోజంతా చర్చిలోనే గడిచింది. ఊరివాళ్లు దీన్ని అబ్బీ అంటారు, అంటే మఠం. మఠం పోయి ఐదు వందల ఏళ్లు కావస్తున్నా పేరు పోలేదు. పొడుగు దాదాపు 60 మీటర్లు. వెయ్యిమంది ఊరికి ఇంత పెద్ద చర్చి ఎందుకో అర్థం కావాలంటే కథ మొదట్నుంచీ చెప్పుకోవాలి.

634లో పోప్ హొనోరియస్ పంపగా బిరైనస్ అనే ప్రచారకుడు ఇంగ్లండులో దిగాడు. లోలోపలి ప్రాంతాలకి వెళ్లాలని ఆయన ఉద్దేశం. కానీ దిగిన చోటే, అంటే పశ్చిమ సాక్సన్ల రాజ్యంలోనే, ఎవరికీ క్రైస్తవం తెలీదని చూసి అక్కడే ఆగిపోయాడు. మరుసటి ఏడు, 635లో, ఆ రాజు సినెగిల్స్‌కి ఈ డార్చెస్టర్‌లోనే బాప్తిస్మం ఇచ్చాడు. ఉత్తరాది నార్తంబ్రియా రాజు ఆస్వాల్డ్ పక్కన నిలబడి ధర్మతండ్రి అయ్యాడు, సినెగిల్స్ కూతుర్ని పెళ్లి కూడా చేసుకున్నాడు. దేవుడి పనీ రాజకీయమూ ఒకే పీట మీద జరిగాయన్నమాట. ఇద్దరు రాజులూ కలిసి ఈ ఊరిని బిరైనస్‌కి బిషప్పు పీఠంగా ఇచ్చేశారు. ఇంకో శతాబ్దం గడిచాక బీడ్ అనే సన్యాసి రాసిపెట్టాడు కాబట్టి ఇవన్నీ మనకి తెలుసు.

బిరైనస్ 650 ప్రాంతంలో పోయాడు. కొన్ని దశాబ్దాలకి పీఠం వించెస్టర్‌కి మారింది, ఆయన అస్థికలు కూడా అక్కడికే తీసుకుపోయారు. తర్వాత డేన్ల, అంటే వైకింగుల, దాడులకి తట్టుకోలేక లెస్టర్ బిషప్పు దక్షిణానికి వచ్చి ఇక్కడ కూర్చున్నాడు. హంబర్ దాకా విస్తరించిన పీఠం అప్పటిది. చివరికి నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక రెమీజియస్ అనే కొత్త బిషప్పుకి ఇంత మారుమూల ఊళ్లో ఉండటం నచ్చలేదు. 1072 ప్రాంతంలో పీఠాన్ని లింకన్‌కి ఎత్తుకుపోయాడు. లింకన్‌లో కొండమీద లేచిన ఆ బ్రహ్మాండమైన కెథీడ్రల్ ఇక్కడే లేవాల్సింది అని ఊరి గైడు ఒకాయన అన్నాడు. లేచి ఉంటే ఈ పొలాలూ ఈ వీధీ ఉండేవి కావు, ఈపాటికి మల్టీస్టోరీ కార్ పార్కింగు ఉండేది. బిషప్పు వెళ్లిపోవడమే ఊరి అదృష్టం అని నా లెక్క.

1140 ప్రాంతంలో లింకన్ బిషప్పు అలెగ్జాండర్ ఇక్కడ అగస్టీనియన్ సన్యాసులకి మఠం పెట్టించాడు. ఇప్పుడు కనబడేది ఆ మఠం చర్చి. 1536లో రాజు ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించినప్పుడు సీసం, రాయి, కలప ఏది అమ్ముడుపోతే అది అమ్మేశారు. చాలాచోట్ల మఠాలు మొండిగోడలుగా మిగిలింది అందుకే. ఇక్కడ మాత్రం రిచర్డ్ బ్యూఫారెస్ట్ అనే ఊరి ధనవంతుడు చర్చి తూర్పు భాగాన్ని 140 పౌండ్లు పెట్టి కొనేశాడు. 1554లో రాసిన వీలునామాలో దాన్ని పారిష్‌కి ఇచ్చేశాడు. అమ్మకూడదు, మార్చకూడదు అని షరతు కూడా పెట్టాడు. చర్చిలో ఆయనకి విగ్రహం ఒకటి ఉంటుందేమోనని వెతికాను. పెద్దగా ఏమీ లేదు. కత్తి పట్టిన వీరుడికి మాత్రం ఉంది.

ఆ వీరుడి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. 1280 ప్రాంతపు రాతి శిల్పం. మామూలుగా సమాధుల మీద వీరులు చేతులు జోడించి పడుకుంటారు. ఈయన అలా కాదు. కాళ్లు మెలివేసి, కుడిచెయ్యి కత్తి పిడి మీద బిగించి, ఎడమచేత్తో ఒర పట్టుకుని, ఒక భుజం లేపి పక్కకి తిరుగుతున్నాడు. మెడ నరం దగ్గర్నుంచి పాదం దాకా ఒంట్లో మెలిక కనబడుతుంది. కవచం మీది వస్త్రం మడతలు కూడా ఆ తిరుగుడుకి తగ్గట్టే వంపు తిరిగాయి. 1282లో వేల్స్ యుద్ధంలో చచ్చిపోయిన కుర్ర విలియం డి వాలెన్స్ అని చాలామంది అంచనా. ఎవరైనా కానీ, చెక్కినవాడు మహానుభావుడు. పేరు తెలియని ఆ శిల్పి ముందు ఈ విలియం ఎంత.

చాన్సెల్‌కి, అంటే బలిపీఠం ఉండే తూర్పు భాగానికి, ఉత్తరం వైపున్న యెస్సయి కిటికీ ఈ చర్చికి పేరు తెచ్చింది. 1340 నాటిది. యెస్సయి అంటే దావీదు రాజు తండ్రి. ఆయన నుంచి యేసు దాకా వచ్చిన వంశవృక్షాన్ని రంగు గాజు మీద బొమ్మ వేయడం యూరప్ అంతటా మామూలే. ఇక్కడ కిటికీ రాతి చట్రమే చెట్టు. గడప మీద యెస్సయి వెల్లకిలా పడుకుని ఉంటాడు, ఆయన పొట్టలోంచి నడిమి రాతి కడ్డీ మానుగా లేస్తుంది, పక్క కడ్డీలని దాటుకుంటూ కొమ్మలు ఇటూ అటూ వంపు తిరుగుతాయి. కణుపు కణుపు దగ్గరా చిన్న చిన్న రాతి మనుషులు, వాళ్ల మధ్య సందుల్లో గాజు మీద ఇంకొందరు. మధ్యలో మరియ, యేసు ఉండాల్సిన చోట ఖాళీ. విగ్రహాలంటే గిట్టని ప్యూరిటన్ల కాలంలో, 17వ శతాబ్దంలో, పగలగొట్టారు. చెట్టంతా ఉండి పండు పోయింది.

మేనకోడలు మధ్యాహ్నం కొడుకుని తీసుకుని వచ్చింది. వాడికి పదేళ్లు. వీరుడి కత్తి నచ్చింది, కిటికీ నచ్చలేదు. సీసంతో పోత పోసిన బాప్తిస్మపు తొట్టి చూపించాను. 1170 నాటిది, చుట్టూ కూర్చున్న మనుషులు. లెక్కపెట్టి "పదకొండు మందేనేంటి తాతయ్యా, శిష్యులు పన్నెండు మంది కదా?" అన్నాడు. యేసుని పట్టిచ్చిన యూదాని తీసేశారురా అని చెప్పాను. మఠాల సీసమంతా కరిగించి అమ్ముకున్న రోజుల్లో ఇంత సీసం ఈ తొట్టి రూపంలో ఎలా దక్కిందో ఆశ్చర్యమే.

నేల మీద, నడిచేవాళ్ల కాళ్ల కింద, ఇంకో రాయి ఉంది. సారా ఫ్లెచర్ అనే ఆమెది. 1799 జూన్ 7న, 29వ ఏట పోయింది. భర్త నౌకాదళంలో కెప్టెన్. అతను మరో పెళ్లికి సిద్ధపడ్డాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆమె ఉరి వేసుకుంది. ఆత్మహత్య చేసుకున్నవాళ్లని చర్చిలో పూడ్చనిచ్చేవారు కాదు, మతి చలించి చేసిన పని అని తేల్చారు కాబట్టి ఆమెకి ఇక్కడ చోటు దక్కింది. రాతి మీద రాసింది చదివి మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. నరాలు మరీ సున్నితంగా నేసినవి కావడం వల్ల ఈ లోకపు కుదుపులకి తట్టుకోలేక, అతి సున్నితత్వానికి బలైపోయిందట. "భర్త చేసినదాని గురించి ఒక్క ముక్క లేదు చూశావా మావయ్యా. తప్పంతా ఆవిడ నరాలదే" అంది. రాయి చెక్కించినవాళ్లకి పరువు ముఖ్యం. రెండు వందల ఏళ్లుగా అందరూ ఆగి చదివేది మాత్రం ఈ రాయినే.

చర్చిని ఆనుకుని మఠం నాటి అతిథి గృహం ఉంది. 1652లో జాన్ ఫెట్టిప్లేస్ అనే ఆయన అందులో గ్రామర్ స్కూలు పెట్టాడు, ఇప్పుడు అది మ్యూజియం. పక్కనే టీ గది. ఊరి ఆడవాళ్లు ఇంట్లో చేసిన కేకులు తెచ్చి, వంతులవారీగా కూర్చుని అమ్ముతారు. వచ్చిన డబ్బు దానధర్మాలకి పోతుంది. ఒకే బల్ల చుట్టూ ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య కూర్చోవాలి. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నన్ను ఎక్కణ్నుంచి అని అడిగి, గోదావరి అంటే ఎక్కడని కాక, "వరదలొస్తాయా?" అని అడిగింది. ఏటి పక్కన ఉండేవాళ్లకి మొదట తట్టేది అదే.

ఆదివారం

పొద్దున్నే గంటలు. పెద్ద గంట 14వ శతాబ్దానిది. పోత పోయించిన రాఫ్ రాస్ట్‌వోల్డ్ పేరు, దానితో పాటు లాటిన్‌లో ఒక ప్రార్థన దాని మీద ఉన్నాయి: బిరైనస్, నేను పిలిచేవాళ్లని ఎప్పటికీ కాపాడు అని. బిరైనస్ పాము కరిచి పోయాడని ఇక్కడ ఒక కథ. అందుకే ఈ గంట మోత వినబడినంత మేర పాముల భయం ఉండదని ఊరి నమ్మకం. మా కోనసీమలో ఇలాంటి గంట ఒకటి ఉంటే ఎంత బాగుండునో. ఏటా జులైలో ఆయన పేరు మీద పాదయాత్ర కూడా జరుగుతుంది. బ్లూబెరీ దగ్గరి కొండ నుంచి ఇక్కడికి పందొమ్మిది కిలోమీటర్లు, అన్ని శాఖల క్రైస్తవులూ కలిసి నడుస్తారు.

మేనకోడలూ కుర్రాడూ మళ్లీ వచ్చారు. ముగ్గురం ఊరి దక్షిణం వైపు బాట పట్టాం. ఇళ్లు అయిపోగానే పొలం, పొలం దాటగానే డైక్ హిల్స్. దూరం నుంచి పాడుబడ్డ చెరువుగట్టు అనిపిస్తుంది. దగ్గరికి వెళితే ఒకటి కాదు, రెండు గట్లు, మధ్యలో లోతైన కందకం. రెండు వేల ఏళ్ల నాటి ఇనుపయుగపు కోట ఊరు ఇది. మూడు వైపులా థేమ్స్, టేమ్ వంపు తిరిగి కాపలా కాస్తాయి, నాలుగో వైపు మాత్రమే ఈ గట్లు కావాల్సొచ్చింది. లోపలి భూమి వందెకరాల పైనే. ఇప్పుడు పంట వేస్తున్నారు. పైనుంచి విమానంలో తీసిన ఫొటోల్లో పంట రంగు తేడాతో పాత ఇళ్ల గుంటలు, దారులు తెలుస్తాయి.

ఈ గట్లకి పెద్ద కథే ఉంది. 1870లో భూమి యజమాని గట్లు చదును చేయించి దున్నించడం మొదలుపెట్టాడు. గట్టు పోతే రెండు మూడెకరాలు కలిసొస్తుంది, అంతే లెక్క. కర్నల్ లేన్ ఫాక్స్ గోల చేశాడు. తర్వాత పిట్ రివర్స్ అనే పేరుతో పురావస్తు శాస్త్రానికి పితామహుడైన ఆయనే. పత్రికల్లో దుమారం లేచింది. సొంత భూమిలో సొంతదారు ఏమైనా చేసుకోవచ్చు కదా అని అటువైపు వాదన. జాన్ లబ్బక్ అనే ఎంపీ 1873 నుంచి పార్లమెంటులో ప్రాచీన కట్టడాల రక్షణ బిల్లు పెడుతూ వచ్చాడు. భూస్వాములతో నిండిన సభ ఏటా తోసిపుచ్చుతూ వచ్చింది. చివరికి 1882లో చట్టం వచ్చింది. బ్రిటన్‌లో అలాంటి మొదటి చట్టం అదే. దాని వెనక ఉన్న గొడవల్లో ఈ గట్ల గొడవ ఒకటి. పడమటి వైపు గట్టు మీద నిలబడితే కోసేసిన భాగం ఇప్పటికీ తెలుస్తుంది, ఎత్తు టక్కున పడిపోతుంది. కుర్రాడు గట్టు మీంచి కందకంలోకి దొర్లుకుంటూ పోయి, పైకెక్కి మళ్లీ దొర్లాడు. పార్లమెంటు చట్టం దానికి అడ్డు చెప్పినట్టు లేదు.

1874లో పనివాళ్లకి ఇక్కడే ఒక సైనికుడి సమాధి దొరికింది. రోమన్ సైన్యంలో పెద్దవాళ్లు పెట్టుకునే తోలు నడికట్టు, దాని కంచు బిళ్లలు. రోమన్ పాలన కుప్పకూలే రోజులవి. ఆ మనిషి రోమన్ జీతం తింటున్న జర్మన్ అయి ఉండొచ్చని అంటారు. ఆ వస్తువులు ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్నాయి. ఊళ్లో చూసింది మనసులో ఉండగానే అక్కడికి వెళితే బాగుంటుంది.

గట్లు దాటాక థేమ్స్. డేస్ లాక్ దగ్గరికి వచ్చేసరికి తెల్లటి మోటారు పడవ ఒకటి లాకులోకి వస్తోంది. వెనక తలుపులు మూసి, ముందు తలుపుల్లో చిన్న కిటికీలు తెరిస్తే నీళ్లు పొంగుతూ లోపలికి వచ్చి పడవని అయిదడుగుల పైన లేపాయి. కుర్రాడు నోరు తెరిచి చూస్తున్నాడు. "మన ఊళ్లో ఇవి బోలెడున్నాయిరా, లాకులంటాం" అన్నాను. నమ్మలేదు. ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం దగ్గర కాలవల తలకట్టు లాకుల గురించి చెప్పాను. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ కాలవల మీద పడవలు ధాన్యం మోసేవి, మా తాతలు పెళ్లిళ్లకి పడవల్లోనే తరలివెళ్లేవాళ్లు. ఈ లాకు 1789 నాటిది. ఇంగ్లండు నదుల మీద చేయి తిరిగిన విద్యే మన డెల్టాకి వచ్చింది. తేడా ఏమిటంటే, వీళ్లు ఇంకా వాడుతున్నారు. మన కాలవల్లో గుర్రపుడెక్క పేరుకుపోయింది. లాకు తలుపులకి నల్ల రంగు, కొసలకి తెల్ల రంగు, పక్కన పూలకుండీలు. ఉద్యోగి ఒకాయన వచ్చినవాళ్లందరితో వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు.

పక్కన లిటిల్ విట్నమ్ వంతెన. పిల్లల కథలో ఒక ఎలుగుబంటి ఆడే ఆట ఉంది, వంతెనకి ఎగువ వైపు పుల్లలు వేసి, దిగువ వైపుకి పరిగెత్తి ఎవరి పుల్ల ముందు వచ్చిందో చూడటం. 1980ల్లో ఇక్కడి లాకు ఉద్యోగి ఒకాయన ఆ ఆటకి పోటీ పెట్టాడు. సముద్రంలో ప్రాణాలు కాపాడే లైఫ్‌బోట్ సంస్థకి విరాళాలు పోగుచేయడానికి. అది ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయి కూర్చుంది. జనం తాకిడికి ఈ చోటు చాలక 2015లో విట్నీకి మార్చారు. బిషప్పు వెళ్లిపోయాడు, పుల్లలాట కూడా వెళ్లిపోయింది. మేం మాత్రం ఆడాం. కుర్రాడే గెలిచాడు, నా పుల్ల స్తంభానికి తగులుకుని బయటికే రాలేదు.

అవతలి ఒడ్డున విట్నమ్ క్లంప్స్, జంట గుట్టలు. ఎత్తు నూట ఇరవై మీటర్లే. చుట్టూ నేల బల్లపరుపు కాబట్టి పెద్ద కొండలెక్కిన ఫీలింగ్ వస్తుంది. నెత్తిన బీచ్ అనే జాతి చెట్ల గుంపులు. అవి 1740ల్లో నాటినవి. 17వ శతాబ్దంలో ఇక్కడ భూములున్న డంచ్ కుటుంబం పేరు మీద, ఆకారాన్ని బట్టి, ఊరివాళ్లు ఈ గుట్టలకి ఇంకో పేరు పెట్టుకున్నారు: డంచమ్మ పిరుదులు. మేనకోడలు "మావయ్యా!" అంది. నేనేం చేయను, బోర్డు మీద కాకపోయినా పుస్తకాల్లో ఉంది. పాల్ నాష్ అనే చిత్రకారుడు కుర్రతనంలో ఈ గుట్టలు గీయడం మొదలుపెట్టి, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మళ్లీ వీటి దగ్గరికే వచ్చాడు. ఆయన్ని ఇంతగా పట్టుకున్నదేమిటో ఎక్కాక కొంత తెలిసింది.

రెండో గుట్ట మీద ఇనుపయుగపు కోట కందకం. అక్కడే 1844, 45ల్లో వార్‌బరో ఊరివాడు జోసెఫ్ టబ్ ఒక బీచ్ చెట్టు బెరడు మీద ఇరవై పంక్తుల పద్యం చెక్కాడు. కింద కనబడే ఊళ్ల గురించే. చెట్టు ఎదుగుతుంటే అక్షరాలు ఉబ్బి, సాగి చదవరాకుండా పోయాయి. చెట్టు 1990ల్లో ఎండిపోయి, 2012లో కూలిపోయింది. 1994లో పెట్టిన రాయి మీద పద్యం పాఠం ఉంది కాబట్టి సరిపోయింది. తలెత్తితే ఎర్రతోక గద్దలు. ఈ జాతి ఇంగ్లండులో పూర్తిగా అంతరించిపోతే 1989 నుంచి చిల్టర్న్ కొండల్లో తెచ్చి వదిలారు. ఇప్పుడు కాకులకన్నా ఇవే ఎక్కువ. కింద డార్చెస్టర్ చర్చి, పడమర డిడ్‌కాట్. అక్కడి కరెంటు కేంద్రం కూలింగ్ టవర్లు ఆరూ ఇక్కణ్నుంచి దృశ్యమంతా ఆక్రమించేవట. 2014లో మూడు, 2019లో మూడు పేల్చేశారు. అవి లేకపోవడం వెలితిగా ఉందన్న ఊరివాళ్లు కూడా కనబడ్డారు. అలవాటైతే కరెంటు పొగ్గొట్టం మీద కూడా ప్రేమ పుడుతుంది.

సోమవారం

మిగిలింది రోమన్ పట్టణం. చూడటానికి ఏమీ లేదు. ఉన్న చోట ఊరివాళ్లు వాటాలు అద్దెకి తీసుకుని కూరగాయలు పండిస్తున్నారు. బంగాళాదుంప, చిక్కుడు, ఉల్లి. మట్టిలో ఎర్ర పెంకులు కనబడుతూనే ఉంటాయి. 2007 నుంచి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొన్ని ఏళ్లు ఇక్కడ తవ్వారు. పాదులకి నీళ్లు పెడుతున్న ఒకాయన, మంచి పెంకు దొరికితే పక్కన పెడతాననీ ముల్లంగి మాత్రం సరిగ్గా రావట్లేదనీ చెప్పాడు.

1731లో ఈ ఊళ్లో ఒక రోమన్ బలిపీఠం బయటపడింది. గవర్నరు తరఫున పనిచేసే మార్కస్ వారియస్ సెవెరస్ అనే అధికారి జూపిటర్ దేవుడికి పెట్టించింది. రోడ్డు మీద నిఘా, సరఫరాలు చూసే ఉద్యోగం. అంటే రోమన్ల కాలానికే ఇది దారి మీది ఊరన్నమాట. మట్టిలో పదిహేను వందల ఏళ్లకి పైగా భద్రంగా ఉన్న ఆ రాయి, పండితుల చేతిలో పడ్డాక పోయింది. దాని మీద రాతకి నకలు మాత్రం మిగిలింది.

వంతెనకి ఇవతల చిన్న కేథలిక్ చర్చి. 1849లో కట్టారు. ఎనిమిదో హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాక మూడు శతాబ్దాలు కేథలిక్కులు అణగిమణిగి ఉండి, చట్టాలు సడలాక మళ్లీ కట్టుకున్న వాటిలో ఇదొకటి. పాతిక కుటుంబాలు పడతాయేమో. కట్టిన ఆర్కిటెక్టు విలియం వార్డెల్‌కి అప్పుడు పాతికేళ్లు. ఆరోగ్యం బాగోక ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. అక్కడ మెల్‌బోర్న్ సెయింట్ పాట్రిక్ కెథీడ్రల్, సిడ్నీ సెయింట్ మేరీ కెథీడ్రల్ ఆయన చేతి మీదే లేచాయి. సిడ్నీలో స్థిరపడ్డ మనవాళ్లు వారాంతాల్లో ఫొటోలు తీసుకునే ఆ జంట గోపురాల చర్చి గీసినవాడు, చేయి సాధన చేసుకున్న చోట్లలో ఈ పల్లె ఒకటి. లోపల శిల్పాలు చిన్నవే అయినా ఎక్కడా చేతికొచ్చినట్టు చేసిన పని లేదు. పెద్ద చర్చి చూసి దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. వదలొద్దు.

వెళ్లాలనుకునేవాళ్లు మే నుంచి సెప్టెంబరు లోపు పెట్టుకోండి. టీ గది, మ్యూజియం మామూలుగా వేసవి నెలల్లోనే తెరుస్తారు, అదీ అన్ని రోజులూ కాదు, ముందు కనుక్కోవాలి. చలికాలం థేమ్స్ పొంగితే డైక్ హిల్స్ అవతల బాట నీళ్లలో ఉంటుంది. ఎండాకాలమైనా బూట్లే మంచిది, ఆవుల మంద మధ్యలోంచి నడవాలి. చర్చిలో టికెట్టు లేదు, హుండీ ఉంది. అంత పెద్ద కప్పుని వెయ్యిమంది మోస్తున్నారు కాబట్టి ఎంతో కొంత వేసి రండి.